పార్టీ అభిమానం ఉన్నా రుజువును సరిగ్గా తూకం వేయడం ఎలా?

చిత్తూరు జిల్లాలో 2025 మామిడి సీజన్‌ను ఏ రైతూ అంత సులభంగా మర్చిపోడు. తోతాపురి ధర పడిపోయింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, రైతుకు మొత్తం 12 వస్తుందని ప్రకటించారు. ఆ రోజుల్లో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రెండు వీడియోలు తిరిగాయి. ఒకదాంట్లో ఒక రైతు ధర బాగుందన్నాడు. రెండో దాంట్లో ఇంకో రైతు కాయలు పారబోశాడు. ఎవరి పార్టీకి నచ్చే వీడియోను వాళ్లు నమ్మారు: మా బావ మొదటిది, మా చిన్నాయన రెండోది. ఇద్దరికీ మామిడి తోటలున్నాయి. అయినా నెల రోజులు మాటల్లేవు. నాకు అది చాలా బాధేసింది. ఇది రాయడానికి కారణం కూడా అదే.

ముందు, గొడవపడే మాటను ముక్కలు చేయండి

"రైతును ఆదుకున్నారు", "రైతును ముంచారు" అనే మాటల్ని ఎవరూ కొలవలేరు. కొలవగలిగే ప్రశ్నలు వేరు. ఫ్యాక్టరీలో కిలోకు ఎంత ఇచ్చారు? మండీలో ఎంత? ట్రాక్టరు ఎన్ని రోజులు క్యూలో ఉంది? 4 రూపాయలు ఖాతాలో పడ్డాయా, ఏ తేదీన? ఇలా విడగొడితే రెండు వీడియోలూ నిజమే కావచ్చని అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో కాయలు దింపగలిగిన రైతు అనుభవం ఒకటి, వారం క్యూలో నిలబడి కాయలు కుళ్లబెట్టుకున్న రైతు అనుభవం మరొకటి.

తర్వాత, ఫలితాన్ని తిరగేసి చూడండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. 1979లో అమెరికాలో చార్లెస్ లార్డ్, ఆయన సహచరులు 48 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం ప్రచురించారు. సగం మంది మరణశిక్షను సమర్థించేవాళ్లు, సగం మంది వ్యతిరేకించేవాళ్లు. అందరికీ రెండు నివేదికలు ఇచ్చారు. మరణశిక్ష వల్ల హత్యలు తగ్గుతాయని ఒకటి, తగ్గవని ఇంకొకటి. ప్రతి వర్గమూ తనకు నచ్చని నివేదికలోనే తప్పులు వెతికింది. చదివాక తమ నమ్మకం ఇంకా గట్టిపడిందని ఇరువైపులవాళ్లూ చెప్పారు.

1984లో దీని మీదే మరో ప్రయోగం ప్రచురించారు. కొందరికి "జడ్జిలాగా పక్షపాతం లేకుండా చదవండి" అని చెప్పారు. దానివల్ల ఏమీ మారలేదు. ఇంకొందరిని "ఇదే పద్ధతిలో చేసిన అధ్యయనానికి ఫలితం అటుది ఇటు వచ్చి ఉంటే, అప్పుడూ ఇన్నే మార్కులు వేసేవాళ్లా?" అని అడిగారు. పక్షపాతం తగ్గింది వీళ్లలోనే. కాబట్టి "నేను న్యాయంగానే ఆలోచిస్తాను" అనుకుంటే చాలదు. ఆ ప్రశ్న మనల్ని మనం అడగాలి.

ఈవీఎంల విషయంలో ప్రయత్నించండి. 2019లో వైసీపీకి 175లో 151 సీట్లు, టీడీపీకి 23. 2024లో టీడీపీకి 135, వైసీపీకి 11. రెండుసార్లూ ఓట్లు పడింది ఈవీఎంలలోనే. 2019లో వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో చూపించే కాగితాలు) సగమైనా లెక్కించాలని కోరినవాళ్లలో చంద్రబాబు ముందున్నారు. 2024 ఫలితాల తర్వాత పేపర్ బ్యాలెట్ కావాలన్నది జగన్. వాళ్ల సంగతి పక్కన పెట్టండి. మీరు 2019లో ఏమన్నారు, 2024లో ఏమన్నారు? మాట మారి ఉంటే, మధ్యలో మీకు దొరికిన కొత్త రుజువు ఏమిటి? దీనికి జవాబు చెప్పేటప్పుడు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి కూడా.

ఏది చూపిస్తే నమ్ముతారో ముందే రాసుకోండి

రుజువు చూశాక షరతులు పెట్టడం చాలా సులభం. అందుకే చూడకముందే కాగితం మీద రాయండి. "పాస్‌బుక్‌లో జమ కనిపిస్తే డబ్బు అందిందని ఒప్పుకుంటాను" అంటే చాలు.

కాగితం దగ్గరికి వెళ్లండి

తూకం చీటీ, పాస్‌బుక్ మన ఇళ్లలోనే ఉంటాయి. ఎన్నికల విషయమైతే, ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లో ఫారం 20లో ఉంటుంది. ప్రభుత్వ ఖర్చు వివరాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్క రైతు చీటీ చూసి జిల్లా మొత్తానికీ తీర్పు చెప్పేయకండి. నలుగురైదుగుర్ని అడగండి. వాళ్లలో అవతలి పార్టీవాళ్లు తప్పకుండా ఉండాలి.

ఆ తర్వాతే మాట్లాడండి

గ్రూపులో వద్దు, పెళ్లిలో పదిమంది ముందు అసలే వద్దు. ఇంటికి వెళ్లండి. ముందు అవతలి మనిషి వాదనను మీ నోటితో చెప్పండి. "చిన్నాయనా, రేటు ప్రకటించినా క్యూలో కాయ కుళ్లిపోతే ఆ రేటు ఎందుకు పనికొస్తుందని కదా నువ్వనేది?" అని నేను అడిగినప్పుడు, ఆయన మొదటిసారి గొంతు తగ్గించి "అదే కదా అబ్బోడా, నేను మొత్తుకునేది" అన్నాడు. అప్పుడు బావ తన తూకం చీటీ తీశాడు. చిన్నాయన లోపలికి వెళ్లి తనవి వెతికితే రెండే దొరికాయి, మిగతావి ఎప్పుడో పారేశాడు.

ఇప్పుడు ఆయన చీటీలన్నీ పాస్‌బుక్ కవర్లో పెడుతున్నాడు. ఒక్కో దాని వెనక ట్రాక్టరు క్యూలోకి వెళ్లిన రోజు, కాయ దించిన రోజు రాయిస్తున్నాడు.