విశాఖ ఉప్పుగాలిలో పాత కారుకు ఇంటి దగ్గరే రంగు వేసుకోవడం

పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, భీమిలి రోడ్డు వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో కారును ముందుగా పాడుచేసేది ఎండ కాదు, ఉప్పుగాలి తెచ్చే తుప్పు. అందువల్ల చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఖరీదైన రంగు కొనడం కంటే ఎమిరీ పేపరుకూ, రంగుకు ముందు పూసే ప్రైమరుకూ, ఓపికకూ ఎక్కువ కేటాయించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నేను మొదటిసారి వెనుక చక్రం పైభాగంలో తుప్పు గీరి, పొడిగుడ్డతో తుడిచి, రెడాక్సైడ్ ప్రైమరు పూసి రంగు వేశాను. ఒక్క వానాకాలం గడిచేసరికి సరిగ్గా అక్కడే పొక్కులు లేచాయి. తుప్పు గుంటల్లో కంటికి కనిపించకుండా మిగిలిన ఉప్పు, రంగు పొర దాటి వచ్చే తేమను పట్టుకుని లోపల మళ్లీ తుప్పును పుట్టిస్తుంది. కాబట్టి వైరు బ్రష్షుతోనూ 80 నంబరు పేపరుతోనూ మెరిసే ఇనుము కనిపించేదాకా గీరిన తరువాత, ఆ చోటును మంచినీటితో బ్రష్షు పెట్టి రెండు మూడు సార్లు రుద్ది కడగాలి. తీరం వెంబడి కొన్నిచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది కనుక కుళాయి నీరే వాడండి. కడిగిన వెంటనే తుడిచి, బాగా ఆరనిచ్చి, ఆ రోజే ప్రైమరు వేయాలి. మన గాలిలో ఒక్క రాత్రి వదిలేసినా ఇనుముపై ఎర్రని పొర వచ్చేస్తుంది. తలుపుల అడుగున నీరు కారిపోయే రంధ్రాలుంటాయి. వాటిని గుంటలు పూడ్చే పుట్టీతోగానీ రంగుతోగానీ మూసివేస్తే తలుపు లోపలి నుంచే కుళ్లిపోతుంది.

తక్కువ ఖర్చుకు సింథటిక్ ఎనామిల్, సన్నని ఫోమ్ రోలరు సరిపోతాయి. గట్టిపడే ద్రవం కలిపి స్ప్రే చేసే రెండు భాగాల పీయూ (పాలియురెథేన్) రంగు ఎక్కువ కాలం మన్నే మాట నిజమే కానీ, అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ప్రమాదకరం. సాధారణ మాస్కు వాటిని ఆపదు కనుక ఇంటి దగ్గర దాని జోలికి పోవద్దు. మెటాలిక్ రంగు రోలరుతో మచ్చలు మచ్చలుగా వస్తుంది, తెలుపు వంటి సాదా రంగే మేలు. ఎనామిల్ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వేస్తే అందులోని థిన్నరు కింది పొరను ముడతలు పడేలా చేస్తుంది. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) కారు రంగు కూడా నమోదై ఉంటుంది కాబట్టి, వేరే రంగు వేయదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో ఆ మార్పు పని పూర్తి చేసుకోవాలి.

అక్టోబరు, నవంబరు నెలలు వానలకూ తుపానులకూ కాలం, ఆ రోజుల్లో పని మొదలుపెట్టవద్దు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు తడి ఆరిన తరువాత, సముద్రపు గాలి పుంజుకోక ముందు, అంటే దాదాపు 9 గంటల నుంచి మధ్యాహ్నం లోపు, నీడలో రంగు వేయాలి. ఓడరేవు దగ్గర ఉండేవారు దుమ్ము పడకుండా నాలుగు వైపులా పట్టా కట్టుకోవడం అవసరం.

కారంతటినీ 320 నంబరు పేపరుతో నునుపు చేసి, అద్దాలకు టేపు, పాత వార్తాపత్రికలు అంటించండి. ఎనామిల్‌ను టర్పెంటైన్‌తో మజ్జిగలా జారేదాకా పలుచన చేయాలి. గరిటెజారుగా ఉందంటే ఇంకా చిక్కగా ఉన్నట్టే. మొదటి పూతలో కింది పొర కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని చూసి తొందరపడి దట్టంగా పూయవద్దు. పూతకూ పూతకూ మధ్య కనీసం ఒక రోజు ఆగుతూ, ప్రతి రెండు పూతలకు ఒకసారి 600 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్ది, బాగా ఆరబెట్టి, ఐదారు పలుచని పూతలు వేయాలి. రంగు తడిసిన గుడ్డలను కుప్పగా పడేస్తే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, వాటిని బయట పరిచి ఆరబెట్టండి.

ఎనామిల్ పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. నెల దాటాక 1500, 2000 నంబరు పేపర్లతో తేలికగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండు, ఆ తరువాత మైనపు పాలిష్ పెట్టండి. అందాకా కారును బీచ్ రోడ్డులో నిలపకుండా, వారానికి ఒకసారి మంచినీటితో కడగండి.