గైడ్‌ను పెట్టుకుని ఒక్క రోజులో హైదరాబాద్ పాత కట్టడాలు చూడడం ఎలా?

పాత హైదరాబాద్‌ను ఒక్క రోజులో చూపిస్తామని చెప్పే ప్యాకేజీల్లో తరచూ ఏడెనిమిది పేర్లు ఉంటాయి. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చౌమహల్లా, చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, పైన బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్. అన్నిటికీ వెళ్లడం కుదురుతుంది, చూడడం మాత్రం కుదరదు. సొంతంగా కారు, గైడ్ మాట్లాడుకోవడంలో ఉన్న లాభమే జాబితాను మనం కుదించుకోవచ్చని. పొద్దున పడమర వైపు గోల్కొండ, సమాధులు. మధ్యాహ్నం నుంచి పాతబస్తీ. ఒక రోజుకు అంతే సరిపోతుంది.

మొదట రోజు ఖాయం చేసుకోండి

శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కూ అది సెలవు రోజు. మక్కా మసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి చార్మినార్ చుట్టూ కదలడమే కష్టం. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి, కానీ ఊరంతా అక్కడే ఉంటుంది. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి పెట్టుకుంటే మేలు.

ఆషాఢంలో గురువారాలు, ఆదివారాలు గోల్కొండ జగదాంబిక అమ్మవారికి బోనాలు. బోనాలే చూడాలనుకుంటే అంతకంటే మంచి రోజు లేదు. కోట చూడాలనుకుంటే మాత్రం ఆ రోజులు తప్పించండి. రంజాన్ నెలలో పగలు పాతబస్తీలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి, సాయంత్రం హలీం వేళకు రద్దీ మొదలవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక గోల్కొండ రాతిమెట్ల మీద ఉండడం పిల్లలకూ పెద్దవాళ్లకూ ప్రమాదమే.

గైడ్‌ను ఎంచుకోవడం

కేంద్ర పర్యాటక శాఖ లైసెన్సు ఉన్న గైడ్ మెడలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటుంది. బుక్ చేసేముందే దాని ఫొటో వాట్సాప్‌లో అడగండి, గడువు తేదీ చూడండి. కోట గేటు దగ్గర "గైడ్ కావాలా సార్" అంటూ వెంటబడేవాళ్లలోనూ లైసెన్సు ఉన్నవాళ్లు ఉంటారు. అయితే వాళ్లు ఆ కోట వరకే వస్తారు, రోజంతా మనతో తిరగరు.

కార్డు ఉన్నంత మాత్రాన బాగా చెబుతాడని కాదు. ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది. రెండు ప్రశ్నలు అడిగి చూడండి. ఒకటి, "గోల్కొండ వజ్రాలు ఎక్కడ తవ్వారు?" ఈ కొండలోనే అంటే ఇంకొకరిని వెతుక్కోండి. గోల్కొండ వజ్రాల బజారు మాత్రమే. పేరున్న గనులు కృష్ణా తీరంలో ఉండేవి, వాటిలో పెద్దది కొల్లూరు. రెండోది, "తానాషా సమాధి ఇక్కడ ఎందుకు లేదు?" 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి కోటను పట్టుకున్నాక కుతుబ్‌షాహీల్లో చివరివాడైన తానాషాను దౌలతాబాద్ తీసుకెళ్లి బంధించాడు, అతను అక్కడే చనిపోయాడు. ఈ రెండూ తడుముకోకుండా చెప్పగలిగితే మిగతా రోజు బాగానే గడుస్తుంది. భాగమతి కథ, గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం కథ ఎవరైనా చెబుతారు. చెప్పనివ్వండి, వినడానికి బాగుంటాయి. "ఇది జనం చెప్పుకునేది, ఇది శాసనంలో ఉన్నది" అని విడదీసి చెప్పగలడా అన్నదే చూడాలి.

భాష సంగతి ముందే తేల్చుకోండి. ఉర్దూ, హిందీ, ఇంగ్లిషులో చెప్పేవాళ్లు ఎక్కువ. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య కూడా వస్తుంటే తెలుగులో చెప్పగలిగే గైడ్ కావాలని స్పష్టంగా అడగాలి. "తెలుగు వచ్చు" అన్నది చాలదు. రామదాసు బందీఖానా గురించి రెండు నిమిషాలు తెలుగులో చెప్పమంటే ఎంత వచ్చో బయటపడుతుంది.

గైడ్ రుసుము సాధారణంగా పూటకో రోజుకో లెక్క: సగం రోజంటే నాలుగు గంటలు, పూర్తి రోజంటే ఎనిమిది. మనుషులు పెరిగితే రేటు పెరుగుతుంది, కాబట్టి ఎంతమంది వస్తున్నారో పిల్లలతో సహా చెప్పండి.

కారు లెక్క

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ చౌకగా కనిపిస్తుంది. ఎనిమిదింబావుకు మియాపూర్‌లోనో హైటెక్ సిటీలోనో ఎక్కితే, సాయంత్రం నాలుగుంబావుకు ఆ గంటలు అయిపోతాయి. అప్పటికి మీరు చార్మినార్ ఎక్కి ఉండరు. పైగా చాలామంది కార్లవాళ్లు గ్యారేజీ నుంచి గ్యారేజీకి లెక్క కడతారు, అంటే మీ ఇంటి ముందుకు రావడానికి పట్టిన గంట కూడా మీదే. అందుకని 10 గంటలు, 100 కిలోమీటర్లకు రేటు అడిగి, అదనపు గంటల బిల్లుతో పోల్చి చూసుకోండి.

గైడ్‌కూ ఒక సీటు కావాలి. సెడాన్‌లో డ్రైవరు పోను నలుగురే పడతారు, గైడ్ ఎక్కితే మీకు మిగిలేది మూడు సీట్లు. నలుగురి కుటుంబానికి ఎర్టిగా, ఇన్నోవా లాంటిది తప్పదు. డ్రైవర్ బత్తా, పార్కింగు, టోలు రేటులో కలిసి ఉన్నాయో లేదో అడగండి.

మాట్లాడుకున్నదంతా ఒక మెసేజ్‌లో పెట్టి, అవతలివాళ్ల చేత "ఓకే" అనిపించుకోండి. ఇలా రాస్తే చాలు:

"బుధవారం ఉదయం 8:15కు పికప్. గైడ్ 9 గంటలకు గోల్కొండ గేటు దగ్గర కలుస్తారు, సాయంత్రం 5 వరకు ఉంటారు, తెలుగులో చెబుతారు. గోల్కొండ, సమాధులు, చౌమహల్లా, చార్మినార్, మక్కా మసీదు. పెద్దవాళ్లు నలుగురు, పిల్లలు ఇద్దరు. కారు 10 గంటలు 100 కి.మీ., పార్కింగు, బత్తా కలిపి. టికెట్లు, భోజనం మావి. ముత్యాలు, చీరలు, హస్తకళల షాపులకు వెళ్లం."

ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. షాపుకు తీసుకెళ్తే డ్రైవరుకో గైడుకో కమీషను వస్తుంది. ఆ సొమ్ము మీ బిల్లులోంచే పోతుంది, దానికంటే ముందు మీ ముప్పావు గంట పోతుంది. ఎక్కడా దొరకనంత తక్కువ రేటుకు ఒప్పుకున్నారంటే సాధారణంగా ఆ తేడాను షాపుల దగ్గర రాబట్టుకునే ఆలోచన ఉంటుంది.

టికెట్లు

గోల్కొండ, చార్మినార్ రెండూ కేంద్ర పురావస్తు శాఖవి. భారతీయులకు రూ. 25, విదేశీయులకు రూ. 300. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కొనుక్కోవచ్చు, కానీ ముందు రోజు రాత్రే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే లైను తప్పుతుంది. అమెరికా నుంచి వచ్చిన బంధువులకు ఓసీఐ కార్డు ఉంటే భారతీయుల టికెట్టే వర్తిస్తుంది. కార్డు ఇంట్లో పెట్టి వస్తే కౌంటర్లో వాదించి లాభం లేదు. ఫొటోల కోసం ట్రైపాడ్ తేవద్దు, దానికి విడిగా అనుమతి కావాలి.

గోల్కొండ: 9 నుంచి 11:30

తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి. ఒక్కొక్కరికీ లీటరు నీళ్లు, టోపీ, పట్టున్న బూట్లు. మెట్లు దాదాపు 360. ఒక్కోటీ ఒక్కో ఎత్తు, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వానాకాలంలో జారతాయి. బాత్రూం పని ఎక్కేముందే చూసుకోండి.

బాలాహిసార్ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ కొసన వినిపించడం అందరికీ తెలిసిందే. దాన్ని సరిగ్గా చూడాలంటే మీవాళ్లలో ఇద్దరు పైకి చేరాక కింద ఉన్నవాళ్లు కొట్టాలి. ఇందుకు మంది తక్కువగా ఉండాలి. పదకొండు గంటలకు స్కూలు పిల్లల బస్సులు దిగాక ఎవరి చప్పట్లు ఎవరివో తెలియదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఒక ఇబ్బంది తరచూ వస్తుంది. గైడ్ కుర్రవాళ్లతో పైకి వెళ్లిపోతాడు, పెద్దవాళ్లు గంటన్నర చెట్టు కింద కూర్చుంటారు. దీనికి మార్గం, మొదటి ముప్పావు గంట అందరినీ కిందే తిప్పమని అడగడం. కింద చూడదగ్గవి తక్కువేమీ కావు: ద్వారాల నిర్మాణం, నగీనా బాగ్, రాణీమహళ్ల గోడల మీద మిగిలిన గచ్చు పని, కొండ మీదికి నీళ్లు తోడిన మట్టి గొట్టాల ఏర్పాటు. ఆ తర్వాత ఎక్కగలిగినవాళ్లు ఎక్కుతారు. దారిలో రామదాసు బందీఖానా ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న అక్కడే చెరలో ఉన్నాడని చెబుతారు. గోడ మీది బొమ్మలు ఫోన్ లైటు వేస్తేనే సరిగా కనిపిస్తాయి. ఇంకా పైన అమ్మవారి గుడి, దాని దగ్గర్లోనే మసీదు, కొసన బారాదరి. అక్కడి నుంచి ఉత్తరం వైపు చూస్తే తర్వాత వెళ్లబోయే గుమ్మటాలు కనిపిస్తాయి. దిగేటప్పుడు రెండోవైపు మెట్ల మీదుగా తీసుకెళ్లమనండి.

సమాధులు, తర్వాత భోజనం

కోట నుంచి సమాధులకు రెండు కిలోమీటర్లలోపే. గంటా పావుగంట చాలు. అన్నిటిలోకీ ఎత్తయినది మహమ్మద్ కులీ కుతుబ్‌షాది, సుమారు 42 మీటర్లు. 1591లో హైదరాబాద్ నగరానికి పునాది వేసింది ఈయనే. ప్రతి గుమ్మటం లోపలికీ వెళ్లనక్కర్లేదు, మూడు చూస్తే సరిపోతుంది. బావులు మాత్రం వదలవద్దు. 2013లో మొదలైన ఆగాఖాన్ ట్రస్టు మరమ్మతుల్లో వాటికి మళ్లీ ప్రాణం వచ్చింది. గైడ్లు చాలామంది వీటిని దాటేసి వెళ్తారు, అడిగితేనే చూపిస్తారు.

భోజనం పాతబస్తీలో చేద్దామనిపిస్తుంది, కానీ మదీనా చుట్టుపక్కల హోటళ్ల ముందు కారు ఆపడానికే అరగంట పోతుంది. టోలీచౌకి, మెహదీపట్నం దారిలోనే తినేయండి. శాకాహారులుంటే హోటలు పేరు ముందు రోజే డ్రైవరుకు చెప్పి పెట్టండి.

పాతబస్తీ: 2:45 నుంచి

గోల్కొండ నుంచి చార్మినార్‌కు పదకొండు కిలోమీటర్లే అయినా మధ్యాహ్నం వేళ ముప్పావు గంట నుంచి గంట వేసుకోండి. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు. కారును ముందుగా చౌమహల్లా వైపు ఖిల్వత్ రోడ్డుకు పోనివ్వాలి. అక్కడ దిగితే మిగతాదంతా నడకే.

చౌమహల్లాకు గంట. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు, పాలరాతి గద్దె, వెనక పాత కార్లు. కెమెరాకు వేరే టికెట్. నీళ్లు నింపుకోవడానికీ, బాత్రూముకూ ఇదే చివరి సౌకర్యమైన చోటు అనుకోండి.

అక్కడి నుంచి మహబూబ్ చౌక్ గడియారం మీదుగా లాడ్‌బజార్‌లో నడుచుకుంటూ వస్తే పది పదిహేను నిమిషాల్లో చార్మినార్. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనే పని తర్వాతకు పెట్టుకుని, ముందు చార్మినార్ లైన్లో నిలబడండి. నాలుగున్నర లోపు చేరాలి, ఐదున్నరకు మూసేస్తారు. మెట్లు ఇరుకు, చీకటి, మెలికలు. పైకి వెళ్లే మొదటి అంతస్తు వరకే పంపుతారు. ఎక్కలేనివాళ్లు దిగులుపడక్కర్లేదు, కింద నాలుగు కమానుల మధ్య నిలబడి నాలుగు వీధులూ చూస్తే నగరాన్ని ఎలా గీశారో అర్థమవుతుంది. చార్మినార్ మీది గడియారాలు కట్టడంతో పాటు పుట్టినవి కావు, 1889లో పెట్టారు.

మక్కా మసీదుకు నమాజు వేళ కాకుండా చూసుకుని వెళ్లాలి. ఏ వేళకో ఆ రోజు గైడ్‌కు తెలిసి ఉంటుంది. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు, ఆడవాళ్లకు తల మీద చున్నీ లేదా కొంగు. చెప్పులు బయటే విప్పాలి. ఎండాకాలం సాయంత్రం కూడా ఆ రాతి నేల కాలుతుంది, సంచీలో మేజోళ్లు ఉంచుకోండి. లోపలికి వెళ్లగానే ఎడమవైపు ఆసఫ్‌జాహీల, అంటే నిజాం నవాబుల సమాధులు.

సాలార్‌జంగ్ ఈ రోజులో పట్టదు. అక్కడ మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం, గంట గంటకూ బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం ఉన్నాయని పావుగంటలో చూసి రావాలనుకుంటారు. ఆ గడియారం ముందు సీటు దొరకాలంటేనే పావుగంట ముందు వెళ్లాలి. ఎండలు మండుతుంటే మాత్రం లెక్క మార్చండి: తొమ్మిది నుంచి పదిన్నర వరకు గోల్కొండ కింది భాగం, తర్వాత సమాధులు తీసేసి మధ్యాహ్నమంతా మ్యూజియం. ఐదింటికి మూసేస్తారు.

లెక్క తేల్చడం

గైడ్ గడువు ఐదుతో అయిపోతుంది. డబ్బు, ఇష్టమైతే పైన కొంత, అక్కడే ఇచ్చి పంపేయండి. గాజుల బేరం మీరొక్కరే ఆడుకోవడం మంచిది. పక్కన గైడ్ ఉంటే దుకాణదారుడు అతని వాటా కూడా కలిపి ధర చెప్పే వీలుంది. ముత్యాలు పత్తర్‌గట్టి వైపు; రసీదు ఇవ్వని చోట ఖరీదైనవి కొనకండి. ఇరానీ చాయ్ తాగి, లైట్లు వెలిగేదాకా ఆగండి.

డ్రైవరుకు ఫోన్ చేసి చార్మినార్ దగ్గరికి రమ్మంటే అతను ఏదో ఒక మలుపులో ఇరుక్కుంటాడు, మీటరు తిరుగుతుంది. ఖిల్వత్ రోడ్డులో దించిన చోటే ఉండమని మధ్యాహ్నమే చెప్పి, ఆ చోటు లొకేషన్ ఫోన్‌లో దాచుకోండి. పొద్దున ఎక్కేటప్పుడూ రాత్రి దిగేటప్పుడూ కిలోమీటర్ల రీడింగు ఫొటో తీసుకుంటే బిల్లు దగ్గర మాటా మాటా పెరగదు.