డ్రిఫ్ట్ కారు అతుకు దాటగానే పక్కకు లాగుతోందా?
భీమవరం, అమలాపురం వైపు ఆర్‌సీ డ్రిఫ్ట్ కార్లు (రిమోట్‌తో పక్కకు జారుస్తూ నడిపే బొమ్మ కార్లు) నడిపేవాళ్లకి సిమెంటు కళ్లాలు, అపార్ట్‌మెంట్ పార్కింగులే ట్రాకులు కదండీ. సిమెంటు పలకల మధ్య అతుకు దాటగానే కారు దానంతటదే పక్కకు తిరిగితే వెంటనే గైరోని (స్టీరింగుని తనంతట తానే సరిదిద్దే పరికరాన్ని) అనుమానించకండి. మొదట షాక్ అబ్జార్బర్లు ఊడదీసి, కారు ఆన్ చేసి, సర్వో (స్టీరింగుని తిప్పే మోటారు) మధ్యలో ఉండగా ముందు చక్రాన్ని చేత్తో మెల్లగా పైకీ కిందకీ ఆడించండి. ఆ కదలికకే చక్రం పక్కకు తిరిగితే అది బంప్ స్టీర్.

స్టీరింగ్ రాడ్డు ఇరుసుకి వెనక ఉన్న కారులో, చక్రం పైకి లేచేటప్పుడు దాని ముందు అంచు బయటికి తిరుగుతోందంటే రాడ్డు బయటి కొన ఎత్తు ఎక్కువైందన్నమాట. నకిల్ (చక్రాన్ని పట్టుకుని తిరిగే ముక్క) మీద, రాడ్డు కొన తగిలే బాల్ స్టడ్ (గుండ్రటి తల ఉన్న బోల్టు) కింద షిమ్ (పల్చటి వాషరు) తీసి అర మిల్లీమీటరు దించి మళ్లీ చూడండి. లోపలికి తిరిగితే షిమ్ వేసి పెంచండి. రాడ్డు ఇరుసుకి ముందుంటే ఇదంతా తిరగేసి చేయాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కాస్త తిరిగినా ఫర్వాలేదు, కారు నడిచే ఎత్తు దగ్గర కదలకపోవడమే ముఖ్యం. చివర్లో టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మళ్లీ సరిచూసుకోండి, షిమ్ మారితే అదీ మారుతుంది.