సోషల్ మీడియాను సిద్ధాంతాలతో చదవడం ఎలా మొదలుపెట్టాలి

చాలామంది ముందు ఒక సిద్ధాంతకర్త పెద్ద పేరు పట్టుకుని, ఆ తర్వాత దానికి సరిపడే పోస్టులు వెతుక్కుంటారు. దయచేసి అలా చేయకండి. అలా వెతికితే ప్రతిదీ సరిపోయినట్టే కనిపిస్తుంది, కొత్తగా తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. ముందు మీకు నిజంగా అంతుపట్టని ఒక చిన్న విషయం తీసుకోండి. ఉదాహరణకు, లైకులు రాలేదని పెట్టిన పోస్టును కాసేపటికే ఎందుకు తీసేస్తారు? "సోషల్ మీడియా ప్రభావం" అనుకుంటే ఎటు చూడాలో కూడా తెలియదు.

ఇప్పుడు ఆ ప్రశ్నను ఒక్క సిద్ధాంతం దగ్గరికి తీసుకెళ్ళండి. మనుషులు నలుగురిలో ఉన్నప్పుడు ఎదుటివాళ్ళను బట్టి ఒక పాత్ర పోషిస్తారని, తెర వెనక్కి వెళ్ళాక కాస్త సడలిపోతారని సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1956లో రాశాడు. చప్పట్లు పడని సీనును నటుడే ఎత్తేశాడన్నమాట. బాగానే కుదిరింది కదా అని అక్కడే ఆగకండి, అసలు పని ఇక్కడే మొదలవుతుంది. గాఫ్‌మన్ రాసింది ముఖ్యంగా ఎదురెదురుగా ఉన్న మనుషుల గురించి. ఇక్కడేమో అమ్మ, బాస్, పాత క్లాస్‌మేట్ అందరూ ఒకేసారి చూస్తుంటారు, ఎవరు చూశారో కూడా గట్టిగా చెప్పలేం. పరిశోధకులు ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ 2011లో ట్విటర్ మీద రాసిన వ్యాసం పట్టుకున్నది ఈ చిక్కునే. కాబట్టి సిద్ధాంతం ఎక్కడ అతకడం లేదో అది రాసుకోండి, మీరు సొంతంగా చెప్పగలిగేది అక్కడ దొరుకుతుంది.

తర్వాత అదే ప్రశ్నను ఇంకో సిద్ధాంతంతో చూడండి. కాపలావాడు చూస్తున్నాడో లేదో తెలియని ఖైదీ ఎప్పుడూ చూస్తున్నట్టే నడుచుకుంటాడని, ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ వేసిన జైలు నమూనాను తీసుకుని ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో 1975లో వివరించాడు. దీన్ని సోషల్ మీడియాకు కళ్ళు మూసుకుని అంటించేస్తుంటారు. కానీ పోస్టు తీసేసిన మనిషి భయం వేరు, తనను ఎవరూ చూడలేదని! మీడియా పరిశోధకురాలు టైనా బుచర్ 2012లో ఫేస్‌బుక్ గురించి రాస్తూ ఈ కనపడకుండా పోయే ముప్పునే ముందుకు తెచ్చింది. లైకులను పలుకుబడిగా చదవాలంటే సమాజ శాస్త్రవేత్త బూర్దియూ, బహిరంగ చర్చల గురించైతే తత్వవేత్త హేబర్‌మాస్ ఉన్నారు, కానీ మొదటిసారికి రెండు సిద్ధాంతాలు చాలు.

ఇక సమాచారం సంగతి. మీ ఫీడ్‌ను అల్గారిథమ్ మీ కోసం ఏరి పెట్టింది, దాన్ని చూసి "జనం ఇలా ఉన్నారు" అనకండి. పైగా తీసేసిన పోస్టు స్క్రీన్ మీద ఉండదు కాబట్టి ఎంతసేపు గమనించినా దొరకదు, మనుషులతో మాట్లాడాల్సిందే. "ఎందుకు తీసేస్తారు?" అంటే నీతులు చెబుతారు. "చివరిసారి తీసేసిన పోస్టు గురించి చెప్పండి" అంటే జరిగింది చెబుతారు. వాళ్ళన్నది ఒకచోట, మీకు తోచింది ఇంకోచోట, తేదీ వేసి రాసుకోండి.

పబ్లిక్ పోస్టు అయినా మాటలు యథాతథంగా వాడితే ఎవరు రాశారో సెర్చ్‌లో ఇట్టే తెలిసిపోతుంది, అందుకే మార్చి రాయండి. తీసేసిన పోస్టు స్క్రీన్‌షాట్ మీ దగ్గరున్నా, రాసిన మనిషిని అడగకుండా వాడొద్దు.