జెండా పండుగకు గడ్డి మిషన్ బయటికి తీస్తున్నారా? వానకాలం జాగ్రత్తలు

మృగశిర కార్తెలో నాలుగు వానలు పడితే చాలు, మన దిక్కు చెలకలన్నీ పచ్చబడతాయి. ఆరుద్ర దాటేసరికి బడి గ్రౌండు, పల్లె ప్రకృతి వనం, ఫంక్షన్ హాలు లాన్, సబ్‌స్టేషన్ ఆవరణ, ఎక్కడ చూసినా మోకాలెత్తు గడ్డే. ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే హెడ్మాస్టర్లకు, పంచాయతీ కార్యదర్శులకు ఒకటే గాబరా. పదిహేనో తారీఖు లోపల గ్రౌండు శుభ్రం కావాలి. ఏడాది పొడుగునా స్టోర్ రూములో దుమ్ము పట్టిన గడ్డి కోసే మిషన్ బయటికొచ్చేది ఆ వారంలోనే. ఎన్నడూ దాన్ని పట్టని మనిషి చేతికి అది పోయేదీ అప్పుడే. నల్లగొండలో అయినా, పాలమూరులో అయినా, నాగర్‌కర్నూల్‌లో అయినా ఇదే కథ. అందుకే వెనక నడుస్తూ తోసే పెట్రోల్ మిషన్ (లాన్ మోవర్) గురించి ఈ నాలుగు మాటలు.

ముందు దాని కింద ఏముందో తెలుసుకోవాలి. ఉండేది ఒక్క ఇనుప పట్టీ. మామూలుగా 18 నుంచి 21 అంగుళాల పొడవు, రెండు కొసల్లో మాత్రమే పదును. చాలా మిషన్లలో అది ఇంజిన్ ఇరుసుకే నేరుగా బిగించి ఉంటుంది. మధ్యలో బెల్టు, గేర్లు ఏమీ ఉండవు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే 21 అంగుళాల బ్లేడు కొస వేగం లెక్క కట్టి చూడండి, గంటకు 300 కిలోమీటర్లు వస్తుంది. కంకర రాయి ఆ కొసకు తగిలితే ఎటు పోతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం. పాదం తగిలితే తోలు చెప్పు కూడా ఆపలేదు.

కాబట్టి ఇంజిన్ మొదలుపెట్టే తాడు గుంజే ముందు గ్రౌండు మొత్తం కాలినడకన తిరగాలి. ఇది తప్పించుకోవడానికి వీల్లేని పని. కోయడానికి పట్టేంత సేపు ఏరడానికి పట్టినా సరే. మన ఎర్ర చెలకల్లో ప్రతి వానకూ మట్టి కొట్టుకుపోయి కొత్త పలుగురాళ్లు పైకి తేలుతాయి, నిరుడు శుభ్రంగా ఉన్న జాగా ఈ ఏడు అట్లనే ఉంటుందని నమ్మొద్దు. బడి గ్రౌండులో వాలీబాల్ నెట్టు కట్టిన తీగ ముక్కలు, టెంట్ హౌస్ వాళ్లు మరిచిపోయిన మేకులు, విరిగిన స్లాబు పలకలు, సీసా పెంకులు దొరుకుతాయి. అన్నిట్లోకీ పాడుది బైండింగ్ వైరు. గడ్డిలో పడి ఉంటే కంటికి ఆనదు. బ్లేడుకు చుట్టుకుంటే ముక్కలై సూదుల్లా ఎగురుతుంది. హద్దు రాళ్లు, పైపు మూతలు, డ్రిప్ లేటరల్‌లు, బోరు కేసింగు మూతి లాంటి ఏరలేనివి ఉంటే వాటి పక్కన కట్టె పాతి ఎర్ర గుడ్డ కట్టండి. వాటి చుట్టూ రెండడుగులు కొడవలితోనే కోయండి.

గడ్డి మోకాలెత్తు పెరిగితే ఈ మిషన్ దానికి పనికిరాదు. పొడుగు గడ్డిలో నేల కనబడదు, ఇంజిన్ ఊరికే ఆగిపోతుంది, గడ్డి ఉండలు ఉండలుగా ఇరుక్కుంటుంది. ముందు కొడవలితో గానీ బ్రష్ కట్టర్‌తో (భుజాన తగిలించుకుని తిప్పే కోత మిషన్) గానీ జానెడు ఎత్తుకు దించండి. కోసిన గడ్డి ఎత్తేసి, ఇంకోసారి రాళ్లు ఏరి, అప్పుడు మిషన్ దించండి. బ్రష్ కట్టర్ తిప్పుతుంటే చుట్టూ 15 మీటర్ల లోపల ఇంకో మనిషి ఉండకూడదు. మిషన్‌కు కూడా అదే దూరం పాటిస్తే మంచిది. ఒక మూల గునుగు మొలకలు కనబడితే ఆ మూల వదిలేయండి, బతుకమ్మ నాటికి ఊరి ఆడపిల్లలు వెతుక్కుంటూ వస్తారు. వయ్యారిభామను మాత్రం మిషన్ కింద పెట్టకండి. పూత మీద ఉన్నదాన్ని చూర్ణం చేస్తే ఆ పుప్పొడి ముక్కులోకి, మెడ మీదికి వస్తుంది. దురద, తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లకు రోజుల తరబడి బాధ. తొడుగులేసుకుని, నేల తడిగా ఉన్నప్పుడు వేర్లతో పీకడమే దానికి మందు.

తిరిగేటప్పుడు చేతిలో పొడుగు కట్టె ఉండాలి, గడ్డిని కదిలిస్తూ నేలను తడుతూ నడవాలి. వానకాలం గడ్డిలో రక్తపింజర చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. అది కదలదు, ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది. రాళ్ల కుప్ప మీద గడ్డి పెరిగి ఉంటే ఆ కుప్పను చేత్తో తీయొద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. కాలు కదలనీయకుండా, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి పట్టుకుపోవాలి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది, మంత్రం దగ్గర ఉండదు.

ఇక మిషన్ సంగతి. కొత్తది డబ్బాలోంచి తీస్తే ఇంజిన్‌లో ఆయిల్ ఉండదు. తాడు గుంజగానే ఇంజిన్ మొదలైపోతుంది, ఆయిల్ లేకుండా కొన్ని నిమిషాలు తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్, మామూలుగా ఎస్ఏఈ 30 లేదా 10డబ్ల్యూ-30, గేజ్ పుల్ల మీద గీత దాకా పోయాలి. గీత దాటితే పొగ. పెట్రోల్‌లో ఆయిల్ కలపడం టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కే గానీ దీనికి కాదు. రెండూ ఉన్న పంచాయతీల్లో ఈ డబ్బాలు తారుమారవుతాయి, మూత మీద పెయింటుతో రాసి పెట్టండి. కొత్త ఇంజిన్‌కు మొదటి 5 గంటల తర్వాత ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. పిడి బోల్టులు, బ్లేడు బోల్టు, చక్రాల నట్లు పానాతో ఒకసారి బిగించి చూసుకోండి. కోత ఎత్తు నాలుగు చక్రాలకూ ఒకటే ఉండాలి, వానకాలం మొదటి కోతకు అన్నిటికంటే పైమెట్టు పెట్టండి. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారే కోస్తే వేరు బలహీనపడుతుంది. మిషన్‌కూ బరువు.

పెట్రోల్ నీళ్ల సీసాలో తేకండి. ఎండకు దప్పిక మీదున్న పిల్లగాడు ఎత్తి తాగిన సంఘటనలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. పెట్రోల్ కోసమే చేసిన క్యాన్ వాడండి. వేడి ఇంజిన్‌లో పోయొద్దు, సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడినా చాలు. ఇంజిన్ చల్లబడేదాకా 15 నిమిషాలు ఆగి, ఆరుబయట, బీడీ సిగరెట్ లేకుండా పోయాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను గుంజుకుంటుంది. చిన్న ఇంజిన్లలో చాలావాటికి 10 శాతం వరకే సరేనని పుస్తకంలో రాసి ఉంటుంది, కాబట్టి కొనేముందే దుకాణంలో అడగండి. ఏదైనా సరే, నెల రోజులు వాడకపోతే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా అయిపోయేదాకా ఇంజిన్ తిప్పి ఆపాలి. ఇంజిన్ ఎప్పుడూ గదిలోపల తిప్పొద్దు. తలుపు తీసి ఉంది కదా అనుకుంటారు, కానీ ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తోసేటప్పుడు వేసుకోవాల్సినవి: వేళ్లు కప్పే గట్టి బూట్లు, పొడుగు ప్యాంటు, కళ్లద్దాలు, చెవులకు అడ్డం. లుంగీ వద్దు. చీర కట్టుకునే అక్కలు కొంగు నడుముకు దోపి, పైన మగవాళ్ల షర్టు వేసుకుంటే సగం పని అయినట్టే. చీర కుచ్చిళ్లు మాత్రం చక్రాల దగ్గరికి వస్తాయి, అందుకే కింద ప్యాంటు వేసుకుని కుచ్చిళ్లు పైకి చెక్కాలి.

పిడికి ఆనించి ఒక లివరు ఉంటుంది. దాన్ని పిడితో కలిపి పట్టుకుంటేనే ఇంజిన్ నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. అమెరికాలో 1982 జూన్ 30 తర్వాత తయారయ్యే ఇలాంటి మిషన్లకు, లివరు వదిలిన 3 సెకండ్లలో బ్లేడు ఆగాలని నిబంధన పెట్టారు. మన దగ్గర అమ్మే చాలా మిషన్లకూ ఈ లివరు ఉంటుంది. ఉన్నా ఏం లాభం, చెయ్యి నొస్తుందని దాన్ని పిడికి కలిపి బైండింగ్ వైరు చుట్టేస్తారు. అట్లా చుట్టిన మిషన్లు ఎన్నో చూశాను. ఒకదాని పిడి మీద వైరు ఎన్నాళ్లుగా ఉందో, తుప్పు పట్టి రబ్బరులోకి దిగిపోయింది. అంటే కాలు జారి పడ్డా ఆ మిషన్ ఆగదు, మనిషి మీదికే వస్తుంది. మీ చేతికి ఇచ్చిన మిషన్‌కు వైరు కనబడితే కటింగ్ ప్లేయర్‌తో ముందు దాన్ని కోసి పారేయండి. చెయ్యి నొస్తే పది నిమిషాలకోసారి ఆగండి. లేదా ఇంకొకరికి ఇవ్వండి.

మొదలుపెట్టేది చదునైన, గడ్డి తక్కువున్న జాగాలో. పాదాలు మిషన్‌కు దూరంగా, పక్కకు పెట్టి తాడు గుంజాలి. కోసిన గడ్డి బయటికి వచ్చే నోరు బడి గదుల వైపు, రోడ్డు వైపు, నిలబడ్డ బండ్ల వైపు తిరిగి ఉండకూడదు. ఆ నోటి మీద రేకు మూత గానీ, సంచి గానీ లేకుండా నడపొద్దు. మిషన్‌ను వెనక్కి గుంజుకోవడమే పాదాలు పోయే తీరు. చెట్టు దగ్గర మలుపు తిప్పాలంటే లివరు వదిలి, ఆపి, తిప్పుకోండి. చెరువు కట్ట లాంటి వాలు మీద అడ్డంగా నడవాలి, పైకి కిందికి తోయొద్దు. పైకి తోస్తుంటే జారి మీదికొస్తుంది, కిందికి తోస్తుంటే మీరే జారి దాని కిందికి పోతారు. కట్ట నిటారుగా ఉంటే, తడిగా ఉంటే అసలు దింపొద్దు, కొడవలే మేలు.

పిల్లలున్న బడిలో గంట కొట్టే వేళకు మిషన్ గ్రౌండులో ఉండొద్దు. ఆదివారం గానీ, బడి విడిచి పిల్లలంతా వెళ్లిపోయాక గానీ పెట్టుకోండి. ఇంటర్వెల్‌లో ఒక క్లాసును గడ్డి ఎత్తమని పంపేది ఇకనైనా మానాలి. మిషన్ తిరిగే గ్రౌండులో ఏడో తరగతి పిల్లగాడికి పని లేదు.

ఇప్పుడు వానకాలంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించే సంగతి. తడి గడ్డి, ముఖ్యంగా తుంగ, బ్లేడు మూత లోపల పచ్చటి ముద్దలా అంటుకుంటుంది. కొంచెం కొంచెం పేరుకుని నోరు మూసుకుపోతుంది. ఇంజిన్ గొంతు మారి, ఏడ్చినట్టు గురగురమని ఆగిపోతుంది. అక్కడ మనిషి చేసే మొదటి పని వంగి ఆ నోట్లో చెయ్యి పెట్టడం. ఇంజిన్ ఆగింది కదా అనిపిస్తుంది. కానీ బ్లేడు ఇంజిన్ ఇరుసుకే ఉంది, బ్లేడును చేత్తో తిప్పడమంటే తాడు గుంజడంతో సమానం. గడ్డి ముద్ద తీస్తుండగా బ్లేడు కొంచెం కదిలి, ఇంజిన్ ఒక్క దెబ్బ కొట్టినా చాలు, వేళ్లు ఉండవు. లివరు వదిలితే ఇంజిన్ స్పార్క్ ప్లగ్‌లో నిప్పు రావొద్దు నిజమే. ఆ నిప్పును ఆపే కరెంటు తీగ తెగినా, లివరును వైరుతో కట్టేసినా మాత్రం వస్తుంది.

అందుకే ఇరుక్కున్న ప్రతిసారీ, వందోసారి అయినా సరే, ఇదే వరస. లివరు వదిలి, బ్లేడు చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడాలి. తర్వాత ప్లగ్ మీది రబ్బరు క్యాప్ గుంజి, ప్లగ్‌కు తగలకుండా పక్కకు వంచి పెట్టాలి. ఆ తర్వాత మిషన్‌ను వెనక్కి వంచాలి, ప్లగ్ ఆకాశం వైపు ఉండేట్టు. ఇంకో మనిషి పిడి నొక్కి పట్టుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ కిందికి వచ్చేట్టు పక్కకు వంచితే ఆయిల్, పెట్రోల్ దాంట్లోకి దిగుతాయి. ముద్ద తీసేది చేత్తో కాదు, చెక్క పుల్లతో. మిషన్‌తో పాటు ఒక పుల్లను తాడుతో పిడికి వేలాడదీసుకుంటే, పుల్ల లేదని చెయ్యి పెట్టే పని ఉండదు. తీశాక పుల్ల, క్యాప్ రెండూ సరిచూసుకుని మళ్లీ మొదలు. బ్లేడు నూరడానికి విప్పినా ఇదే పద్ధతి. ఆకురాయితో రెండు కొసలూ సమానంగా నూరి, మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు వేలాడదీసి చూడండి. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం రుద్దండి. పగులు కనబడిన బ్లేడును వెల్డింగ్ చేయించొద్దు, కొత్తది వేయండి.

నిజానికి తడి గడ్డిని కోయకపోవడమే మంచిది. రాత్రి వాన పడితే పొద్దెక్కి మంచు, నీళ్లు ఆరేదాకా ఆగండి. ఉరుములు వినబడుతుంటే ఆపేసి లోపలికి రండి. కరెంటు మిషన్ అయితే తడి నేల మీద దాన్ని బయటికే తీయొద్దు, ఆరిన రోజున కూడా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న బోర్డుకే పెట్టాలి. వైరు భుజం మీద వెనకకు వేసుకుని, ప్లగ్ బోర్డు ఉన్న వైపు నుంచి దూరంగా పోతూ కోయాలి. బ్యాటరీ మిషన్‌కు ప్లగ్ క్యాప్ ఉండదు కాబట్టి చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ బయటికి లాగాలి.

దెబ్బ తగిలితే పసుపు, కాఫీ పొడి వేయకండి. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టి, చెయ్యి గుండె కన్నా పైకి ఎత్తి 108 పిలవండి. వేలు తెగి పడితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూసి, ఆ కవర్‌ను ఐసు కలిపిన నీళ్లలో పెట్టండి. ఐసు వేలికి నేరుగా తగలొద్దు. మనిషితో పాటే అదీ పోవాలి.

సర్పంచులకు, హెడ్మాస్టర్లకు, ఫంక్షన్ హాలు యజమానులకు ఒక మాట. మిషన్ బిల్లులోనే బూట్లు, కళ్లద్దాలు, తొడుగులు, చెవి అడ్డాలు కూడా రాయించండి. బూట్లు తెచ్చేముందు మిషన్ తోసే మనిషి పాదం కొలత అడగండి. ఆఫీసు గదిలో ఎవరి కాలికో సరిపోయేవి కొని పెడితే, అవి అటక మీదే ఉంటాయి, ఆ మనిషి హవాయి చెప్పులతోనే గ్రౌండులోకి దిగుతాడు.