ఇంట్లో సీఎన్‌సీ ప్లాస్మా టేబుల్, 6వ భాగం: స్టెప్స్ నంబర్‌ని ముట్టుకోకముందు పెన్నుతో గీయండి

కంప్యూటర్ చెప్పినట్టు నడుస్తూ ప్లాస్మా ఆర్క్‌తో లోహపు రేకుని కోసే టార్చ్ ఎత్తు గురించి ఈసారి చెప్తానన్నాను కదా, అది వచ్చే భాగానికి జరుపుతున్నా. ఎందుకంటే స్టెప్స్ పర్ ఎంఎం (టార్చ్ ఒక ఎంఎం నడవడానికి మోటార్ వేయాల్సిన స్టెప్స్) పాఠం తర్వాత చాలామంది ఒకటే చెప్పారు: "లెక్క ప్రకారమే పెట్టాం, 100 ఎంఎం చదరం కోస్తే 98.5 వచ్చింది, అందుకే నంబర్ కొంచెం పెంచాం, 100 కరెక్ట్‌గా వచ్చింది కానీ పెద్ద ముక్కలు తేడా కొడుతున్నాయి." ముందు ఆ పెంచిన నంబర్‌ని పాతదానికి మార్చేయండి, తర్వాత మిగతాది చదవండి.

లెక్క మళ్లీ ఒక్కసారి. మోటార్ చుట్టుకి 200 స్టెప్స్, మోటార్‌ని నడిపే డ్రైవర్ ఒక్కో స్టెప్‌ని 8 మైక్రోస్టెప్స్‌గా విడగొడుతుంది, అంటే 1600. మధ్యలో బెల్టు 3కి 1 రిడక్షన్, కాబట్టి పినియన్ (ర్యాక్ అనే పళ్ల పట్టీ మీద దొర్లే చిన్న పళ్ల చక్రం) ఒక చుట్టుకి 4800. మాడ్యూల్ (పళ్ల సైజు చెప్పే అంకె) 1, 20 పళ్ల పినియన్ చుట్టుకి 62.83 ఎంఎం నడుస్తుంది, భాగిస్తే ఎంఎంకి 76.39 స్టెప్స్. కొందరు వెర్నియర్‌తో పినియన్ పైన పట్టి 22 అని వేసేశారు, అది పళ్ల కొనల దగ్గర కొలత. లెక్కకి కావాల్సింది పిచ్ వ్యాసం, అంటే మాడ్యూల్ ఇంటూ పళ్లు, 20. పినియన్ బదులు బాల్ స్క్రూ (తిరుగుతూ జరిపే మర కడ్డీ) వాడేవాళ్లకీ పద్ధతి ఇదే, చుట్టుకి ఎంత నడుస్తుందో అదొక్కటే మారుతుంది.

ఇక అసలు గొడవ కెర్ఫ్. టార్చ్ సరిగ్గా గీత మీదే నడిచినా ఆర్క్ కొంత లోహాన్ని కరిగించి ఊదేస్తుంది, ఆ సందు వెడల్పే కెర్ఫ్. మీ మెషిన్‌లో అది 1.5 ఎంఎం అనుకోండి, గీతకి అటు 0.75, ఇటు 0.75 పోతుంది. 100 చదరం 98.5 అవుతుంది, అదే గీత మీద 100 రంధ్రం కోస్తే 101.5 అవుతుంది. మెషిన్ రెండుసార్లూ సరిగ్గా 100 నడిచింది, అందులో తప్పేం లేదు! ఇప్పుడు దీన్ని సరిచేయాలని 76.39ని 77.56 చేశారనుకోండి, 100 ముక్క భలేగా 100 వస్తుంది, సంబరపడతాం, కానీ 600 ముక్క 607.6 వస్తుంది, 50 ముక్క 49.3 వస్తుంది, 100 రంధ్రం 103 అవుతుంది. కెర్ఫ్ ముక్క చిన్నదైనా పెద్దదైనా అంతే ఉంటుంది, స్టెప్స్ తేడా మాత్రం పొడవుతో పాటు పెరుగుతుంది, అందుకే ఒకదాన్ని ఇంకోదానితో సరిచేయలేం. కెర్ఫ్‌ని చెప్పాల్సిన చోటు కామ్ సాఫ్ట్‌వేర్ (బొమ్మని టార్చ్ నడవాల్సిన దారిగా మార్చేది), అక్కడ వెడల్పు ఇస్తే బయటి గీతని బయటికి, రంధ్రాన్ని లోపలికి అదే జరుపుతుంది. కోసిన ముక్కని కొలిచి స్టెప్స్ మార్చమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి, ఇది చూసిన ప్రతిసారీ నాకు చిరాకొస్తుంది, మంచి మెషిన్‌ని చేతులారా పాడుచేసుకోవడమే.

అందుకే పెన్ను. టార్చ్ తీసేసి ఆ హోల్డర్‌లో సన్న మొనున్న జెల్ పెన్ను బిగించండి, వెనక చిన్న స్ప్రింగ్ ఉంటే కాగితం ఎగుడుదిగుడున్నా గీత తెగదు. ప్లాస్మా ఆఫ్‌లోనే ఉంటుంది, కెర్ఫ్ ఉండదు, మిగిలేది మెషిన్ నడక ఒక్కటే. కొలవడానికి టేపు వద్దు, దాని కొక్కెం కావాలనే కొంచెం కదిలేలా చేస్తారు. స్టీల్ స్కేలుతో, అది కూడా నేనైతే సున్నా నుంచి కాకుండా 100 గీత నుంచి మొదలుపెట్టి కొలుస్తాను, అంచు అరిగిపోయి ఉన్నా ఇబ్బంది ఉండదు.

గీత చూస్తే జబ్బు తెలిసిపోతుంది. 100కి 1, 600కి 6 తేడా వస్తే స్టెప్స్ లెక్కలోనే ఏదో తప్పుంది. దిశ మార్చి వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే, ఎంత దూరమైనా ఒకే తేడా వస్తే అది లూజు. వృత్తం గీయించి చూడండి, లూజుంటే పైన, కింద, పక్కల దిశ మారే చోట చిన్న మెట్టు పడుతుంది లేదా చదునైపోతుంది. ముందు పుల్లీని ఇరుసుకి బిగించే చిన్న గ్రబ్ స్క్రూ చూడండి, నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొంగ అదే, తర్వాతే పినియన్, ర్యాక్ మధ్య ఒత్తిడి.

600 చదరానికి కర్ణాలు రెండూ 848.5 రావాలి. రెండింటికీ తేడా 4 ఉందంటే గాంట్రీ (టార్చ్‌ని మోస్తూ రెండు పట్టాల మీద నడిచే అడ్డ దూలం) వాలింది, 600 పొడవులో దాదాపు 2.8 ఎంఎం. మీ రెండు పట్టాల మధ్య 1200 ఉంటే ఒక వైపు మోటార్‌ని 5.6 జరపాలి, ఎటువైపో ఒకసారి జరిపి మళ్లీ గీస్తే తెలుస్తుంది.

అభ్యాసం కొంచెం పెద్దదే. 50, 200, 600 చదరాలు, 200 వృత్తం పెన్నుతో గీసి, ఎక్స్, వై విడివిడిగా కొలిచి రాసుకోండి. అవి సరిపోయాకే టార్చ్ పెట్టి, మీరు మామూలుగా వాడే మందం రేకు మీద, ఒకే ఆంపియర్‌లో మూడు వేగాలతో ఒక్కో పొడవు గీత కోయండి, సందు వెడల్పు పైనా కిందా వెర్నియర్‌తో కొలవండి. పైకీ కిందకీ తేడా ఉంటుంది, రెండూ రాయండి. టార్చ్ ఎత్తు పెరిగితే కెర్ఫ్ కూడా మారుతుంది, అందుకే వచ్చే భాగం ఆ అంకెలతోనే మొదలుపెడతాను, అవి దగ్గర పెట్టుకుని రండి.