నీలం గార్డ్‌నెరీ కిల్లీలు ఇంట్లో పెంచి పిల్లలు తీయడం ఎలా

కిల్లీ అనే పేరు వినగానే ఇదేదో మిగతా చేపల్ని చంపే రకం అనుకుంటారు చాలామంది, కాదండి, డచ్ భాషలో కిల్ అంటే చిన్న కాలవ, ఆ కాలవల్లో దొరికే చేప కాబట్టి కిల్లీ, అంతే. ఇందులో వందల రకాలున్నాయి. నేను చెప్పేది ఫండులోపాంచాక్స్ గార్డ్‌నెరీ గురించి, స్టీల్ బ్లూ కిల్లీ అని అమ్ముతుంటారు. దీని సొంతూరు నైజీరియా, కామెరూన్. మగది రెండున్నర అంగుళాల లోపే ఉంటుంది గానీ ఆ ఉక్కు నీలం ఒంటి మీద ఎర్ర చుక్కలు, రెక్కల అంచున పసుపు గీత, సాయంత్రం లైట్ పక్కనుంచి పడినప్పుడు చూడాలి అసలు. ఆడది గోధుమరంగులో సాదాగా ఉంటుంది, రెక్కలు గుండ్రంగా ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక.

కిల్లీల్లో కొన్ని వానాకాలం గుంటల్లో పుట్టి గుంట ఎండేలోపు గుడ్లు పెట్టి చచ్చిపోయే రకాలు, వాటి గుడ్లు మట్టిలో నెలల తరబడి ఉంటాయి. గార్డ్‌నెరీ అలా కాదు, బాగా చూసుకుంటే రెండేళ్ళు పైనే బతుకుతుంది, గుడ్లు నీళ్ళలోనే పొదగొచ్చు, అందుకే మొదటిసారి పెంచేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

ట్యాంక్ పెద్దది అక్కర్లేదు, ఒక మగ రెండు మూడు ఆడ వాటికి 25-30 లీటర్లు చాలు. మగది ఆడదాన్ని ఊపిరాడనివ్వకుండా తరుముతుంది కాబట్టి ఒక్క జంటే కాకుండా ఆడవి ఎక్కువ ఉంటే దెబ్బలు పంచుకున్నట్టవుతుంది, దాక్కోడానికి జావా మాస్ (నీళ్ళలో పెరిగే నాచు మొక్క) గుబురుగా వేయండి. ఫిల్టర్ అంటే స్పాంజ్ ఫిల్టర్, గాలి నెమ్మదిగా రావాలి, ప్రవాహం వీటికి నచ్చదు. చేపలు తెచ్చే మూడు నాలుగు వారాల ముందే ఇంకో పాత ట్యాంక్‌లో కొన్నాళ్ళు వాడిన స్పాంజ్ పెట్టి రన్ చేయండి.

మూత. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇవి ఎగురుతాయి, అది కూడా ఎక్కడ సందుంటే సరిగ్గా అక్కడే. నా మొదటి మగ చేప ఎయిర్ పైపు కోసం వదిలిన రెండు వేళ్ళ సందులోంచి రాత్రి దూకేసింది, పొద్దున్నే లేచి చూస్తే స్టాండ్ వెనకాల ఎండిపోయి ఉంది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. పైపు వెళ్ళే చోట స్పాంజ్ ముక్క దూర్చండి, నీళ్ళు కూడా అంచుకి నాలుగు వేళ్ళు కిందే ఉంచండి.

నీళ్ళ విషయానికొస్తే, కుళాయి నీళ్ళు ఒకరోజు బకెట్‌లో ఎయిర్ పెట్టి ఉంచండి లేదా క్లోరిన్ పోయే మందు వేయండి. బోరు నీళ్ళు బాగా ఉప్పగా, గట్టిగా ఉండే ఏరియా అయితే సగం ఆర్వో నీళ్ళు కలపండి, పెద్ద చేపలు ఓర్చుకుంటాయి గానీ గుడ్లు సరిగ్గా పొదగవు. వీధిలో రాలిపడే బాదం ఆకులున్నాయి కదా, ఎండినవి కడిగి ఒకటి ట్యాంక్‌లో వేస్తే నీళ్ళు పల్చటి టీ రంగులోకి వస్తాయి, చేపలు కూడా ధైర్యంగా బయట తిరుగుతాయి. మందు కొట్టని చెట్టువే ఏరుకోండి. వారానికి పావు వంతు నీళ్ళు మార్చడం, 20 లీటర్లకి ఒక టీస్పూన్ కల్లుప్పు, ఇవి రెండూ నేను మానను, ఎందుకంటే కిల్లీలకి వెల్వెట్ జబ్బు ఇట్టే అంటుకుంటుంది, ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు కనిపిస్తుంది, చీకట్లో టార్చ్ పక్కనుంచి వేసి చూస్తే తెలుస్తుంది.

వీటికి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. మనకి హీటర్ గొడవ లేదు, కష్టమంతా ఏప్రిల్, మే నెలల్లోనే. ట్యాంక్‌ని మేడ మీద గదిలో కాకుండా కింది ఇంట్లో నేలకి దగ్గరగా పెట్టుకోండి, మూతకి జాలీ వేసి నీటి మీద చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆ రెండు నెలలూ గుడ్ల కోసం ఆశపడొద్దు, ఆడ మగ విడదీసి రెస్ట్ ఇవ్వండి. వానలు పడ్డాక మొదలుపెడితే చక్కగా పెడతాయి.

ఇక గుడ్లు. ఇవి జావా మాస్‌లోనూ పెడతాయి గానీ ఏరుకోడానికి మాప్, అంటే దారపు కుచ్చు, కట్టుకోవాలి. స్వెటర్లు అల్లే దారం ముదురు ఆకుపచ్చది కొనండి, లేబుల్ మీద అక్రిలిక్ అని ఉండాలి, నిజం ఉన్ని అయితే కుళ్ళిపోతుంది. ఒక నోట్‌బుక్ చుట్టూ నలభై యాభై చుట్లు చుట్టి, ఒక పక్క గట్టిగా ముడేసి, రెండో పక్క కత్తిరిస్తే కుచ్చులా వస్తుంది. రంగు దిగుతుందేమో వేడినీళ్ళలో నానబెట్టి చూసుకుని, ముడి దగ్గర థర్మకోల్ ముక్క కట్టి నీళ్ళలో వేలాడదీయండి. ముందు ఒక వారం ఆడవాటిని వేరే ఉంచి దోమ పిల్లలు, బ్లడ్ వార్మ్స్ (చేపల మేతకి అమ్మే ఎర్ర పురుగులు) బాగా మేపి కలిపితే మర్నాటి నుంచే పని మొదలవుతుంది.

రెండు రోజులకోసారి మాప్ తీసి నీళ్ళు పిండేసి (భయం లేదు, గుడ్డు చితకదు) కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి ఒక్కో పోగూ విడదీసి చూడండి. ఆవగింజంత సైజులో, ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తూ దారానికి అంటుకుని ఉంటుంది. రెండు వేళ్ళతో పట్టి లాగితే వచ్చేస్తుంది, వేళ్ళ మధ్య గట్టిగా గాజుపూసలా తగులుతుంది, అలా తగిలితే మంచి గుడ్డు, మెత్తగా చిట్లిపోతే అది ఎలాగూ పనికిరాదు. చేప గుడ్డుని చేతిలో పట్టుకుని చూసుకునే అవకాశం ఇంకే చేపతో వస్తుందండి, నాకు ఈ హాబీలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

గుడ్లని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు వేళ్ళ లోతు నీళ్ళలో వేసి, మిథిలిన్ బ్లూ (బూజు పట్టకుండా వేసే నీలం మందు) ఒక్క చుక్క, లేత నీలం వచ్చేదాకా చాలు, చీకటిగా ఉండే అరలో పెట్టేయండి. డబ్బా మీద తేదీ రాయండి. రోజూ చూసి తెల్లబడినవి తీసేయాలి, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. పది పన్నెండు రోజులకి గుడ్డులో రెండు నల్ల కళ్ళు కనిపిస్తాయి, భూతద్దం పెడితే పిల్ల కదలడం కూడా తెలుస్తుంది. రెండు మూడు వారాలకి బయటికొస్తాయి. కళ్ళొచ్చి చాలా రోజులైనా రాకపోతే వాటిని చిన్న సీసాలో వేసి, నాలుగు మైక్రోవార్మ్స్ (చేపపిల్లల మేతకి పెంచే సన్న పురుగులు) కలిపి, మూతపెట్టి గంటో రెండు గంటలో జేబులో వేసుకుని తిరగండి, ఆ కదలికకి, ఆక్సిజన్ తగ్గడానికి పిల్లలు గుడ్డు చించుకుని వచ్చేస్తాయి, రాగానే తాజా నీళ్ళలోకి మార్చేయాలి.

పిల్లలు పుట్టిన రోజు నుంచే బేబీ బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి బుల్లి రొయ్యల పిల్లలు) తింటాయి, అదే వీటిలో పెద్ద సుఖం. లీటరు నీళ్ళలో 25 గ్రాముల కల్లుప్పు, అర టీస్పూన్ బ్రైన్ ష్రింప్ గుడ్లు, కింద నుంచి గట్టిగా ఎయిర్, మన వేడికి ఒక రోజులో పొదుగుతాయి. ఎయిర్ ఆపి పది నిమిషాలాగితే పెంకులు పైకి, నారింజరంగు పిల్లలు కిందికి చేరతాయి, సన్న పైపుతో లాగి, పల్చటి బట్టలో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి వేయండి. రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెంగా, మిగిలింది తీసేస్తూ. రెండు వారాలకి సైజుల్లో తేడా వచ్చేస్తుంది, అప్పుడే వేరు చేయండి, పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. మూడు నాలుగు నెలలకి మగవాటికి రంగొస్తుంది.

చివరిగా ఒక్క మాట, దీన్ని దయచేసి పాటించండి. గార్డ్‌నెరీలో అకురే, న్సుక్కా, మిసాజే అని ఊరి పేర్లతో రకాలుంటాయి, ఆ చేపలు మొదట దొరికిన చోటు అది. రెండు రకాల్ని కలిపి పెంచొద్దు, ఆడవి అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకసారి కలిస్తే విడదీయడం ఎవరి వల్లా కాదు. మీరు కొన్నప్పుడు ఊరి పేరు అడిగి తెలుసుకోండి, ట్యాంక్ మీద, గుడ్ల డబ్బా మీద రాయండి, ఎవరికైనా ఒక జంట ఇచ్చినప్పుడు కవర్ మీద ఆ పేరు మార్కర్‌తో రాసి ఇవ్వండి.